తడి నేల మీద తీసిన టైమింగ్

1974 డ్రాఫ్ట్ ఇంకా జరగలేదు. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని అలబామా ఏ అండ్ ఎం అనే కాలేజీకి, వృత్తి జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు కొందరు కలిసి వచ్చారు. వాళ్లు చూడ్డానికి వచ్చిన కుర్రాడు జాన్ స్టాల్‌వర్త్. అతను రిసీవర్. అంటే ముందుకు దూసుకుపోయి, వెనకనుంచి విసిరిన బంతిని అందుకోవడం అతని పని. స్కౌట్లకి కావలసింది అతని 40 గజాల పరుగు టైమింగ్. ఆ రోజు నేల తడిగా ఉంది. కుర్రాడు పరిగెత్తాడు, స్టాప్‌వాచీలు నొక్కారు, వచ్చిన అంకె ఎవరికీ ఆనలేదు. దాన్నే రాసుకుని అందరూ తర్వాతి ఊరికి బయల్దేరారు. బిల్ నన్ అనే స్కౌట్ ఒక్కడు మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి ఆగిపోయాడు. మర్నాడు అదే కుర్రాణ్ణి పొడి నేల మీద మళ్లీ పరిగెత్తించాడు. ఈసారి అంకె మారింది.

నన్ పనిచేసేది పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకి. స్టాల్‌వర్త్ ఆడిన ఆటల ఫిల్మ్ రీళ్లను చూసి ఇస్తామని ఆ జట్టు కాలేజీ నుంచి పట్టుకెళ్లింది. అవి మళ్లీ వెనక్కి వెళ్లనే లేదని, మిగతా జట్లకి చూసుకోవడానికి ఏమీ మిగల్లేదని ఆ జట్టు పాతకాపులు నవ్వుతూ చెప్పుకునేవారు. ఆ ఫిల్మ్ చూసిన కోచ్ చక్ నోల్ మొదటి రౌండ్‌లోనే ఇతన్ని తీసుకుందామని పట్టుబట్టాడు. ఇతని సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, తర్వాతైనా దొరుకుతాడని స్కౌట్లు నచ్చజెప్పారు. చివరికి మొదటి రౌండ్‌లో లిన్ స్వాన్‌నీ, రెండో రౌండ్‌లో జాక్ లాంబర్ట్‌నీ, నాలుగో రౌండ్‌లో స్టాల్‌వర్త్‌నీ, ఐదో రౌండ్‌లో మైక్ వెబ్‌స్టర్‌నీ తీసుకున్నారు. ఆ నలుగురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఈ ఆటలో మేటివాళ్ల గౌరవ పట్టికకి, ఎక్కారు. అదే ఏడు డ్రాఫ్ట్‌లో ఎవరూ పేరు పిలవని డోనీ షెల్‌ని సౌత్ కరొలైనా స్టేట్ నుంచి విడిగా తెచ్చుకున్నారు. అతనూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు, 2020 బృందంలో. ఆ జట్టు ఆరు సీజన్లలో నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. కోలగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. కాలేజీల నుంచి వృత్తి ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక తంతు పేరు డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలం చూసే మనవాళ్లకి ఒక్క తేడా చెబితే చాలు: ఇక్కడ డబ్బుతో పాట పాడరు. వంతుల వారీగా పిలుస్తారు. పోయిన ఏడాది అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకి మొదటి వంతు. ఈ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బర్ట్ బెల్‌ది. మొదటి డ్రాఫ్ట్ 1936లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగింది. మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. ఆయన వృత్తి ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు, వేరే ఉద్యోగం చూసుకున్నాడు. డ్రాఫ్ట్ చరిత్రకి ఇంతకన్నా తగిన బోణీ ఉండదనిపిస్తుంది.

ఇప్పుడు 32 జట్లు, 7 రౌండ్లు, అటూ ఇటుగా 260 పేర్లు. అర్హత ఉన్న కాలేజీ ఆటగాళ్లు ఏటా 16 వేల మంది దాకా ఉంటారు. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం వాళ్లలో డ్రాఫ్ట్‌లో పేరు వినబడేది 1.6 శాతానికి. మిగతావాళ్లలో అత్యధికులు నిజంగానే ఆ స్థాయి వాళ్లు కారు. కొద్దిమంది మాత్రం ఆ స్థాయి వాళ్లయి ఉండీ జారిపోతారు. వీళ్లు జారిపోయేది ఎక్కడో దాక్కోవడం వల్ల కాదు. చాలాసార్లు వాళ్ల మీద కాగితం ఉంటుంది, అంకె ఉంటుంది. ఆ అంకె ఏ పరిస్థితిలో పుట్టిందన్నదే దాని పక్కన ఉండదు. స్టాల్‌వర్త్ విషయంలో ఆ పరిస్థితి తడి నేల. దాన్ని సరిచేయడానికి కావలసిందల్లా ఒక పగలు ఆగడం. అన్ని తప్పులూ అంత సులువుగా ఆరవు.

నన్ అసలు స్కౌట్ కాదు, విలేకరి. నల్లజాతి పాఠకుల కోసం వెలువడే పిట్స్‌బర్గ్ కొరియర్‌లో క్రీడల పేజీ ఆయనది. ఏటా నల్లజాతి కాలేజీల ఆటగాళ్లలో మేటివాళ్లతో ఒక జట్టు జాబితా వేసేవాడు. ఆ కాలేజీలకి అంత ప్రతిభ ఎలా చేరిందన్నదానికి జవాబు అమెరికా చరిత్రలోనే ఉంది. దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు 1960ల చివరిదాకా నల్లజాతి కుర్రాళ్లను తమ ఫుట్‌బాల్ జట్లలోకి రానివ్వలేదు. వాళ్లంతా గ్రాంబ్లింగ్, జాక్సన్ స్టేట్, సదరన్, అలబామా ఏ అండ్ ఎం వంటిచోట్ల ఆడారు. వృత్తి జట్ల స్కౌట్లు ఎక్కువగా తిరిగింది పెద్ద యూనివర్సిటీల చుట్టూ. తన ఊరి జట్టే అయినా స్టీలర్స్ ఆటలకి నన్ వెళ్లేవాడు కాడు. నల్లజాతి ఆటగాళ్ల పట్ల వాళ్ల తీరు ఆయనకి నచ్చలేదు. ఆ సంగతి జట్టు యజమాని కుటుంబానికి చెందిన డాన్ రూనీ చెవిన పడింది. ఆయన నన్‌ని పిలిచి మాట్లాడి, మా దగ్గరే పనిచెయ్యమన్నాడు. ఆ తర్వాత ఆ కాలేజీల నుంచి ఎల్.సి. గ్రీన్‌వుడ్ పదో రౌండ్‌లో, మెల్ బ్లౌంట్ మూడో రౌండ్‌లో వచ్చారు. నన్ దగ్గర మాయాకన్ను ఏమీ లేదు. మిగతావాళ్లు వెళ్లని చోటికి ఆయన ఏళ్ల తరబడి విలేకరిగా వెళ్తున్నాడు, అంతే. శాస్త్రం భాషలో చెప్పాలంటే ఇది నమూనా లోపం. చూసినవాళ్లలోంచి ఎంత గొప్పగా ఏరినా, చూడనివాళ్లు లెక్కలోకి రారు. 2021లో నన్ కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. అప్పటికి ఆయన పోయి ఏడేళ్లు.

చూసి కూడా వద్దనుకున్న కథ వేరు. వారెన్ మూన్ వాషింగ్టన్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. కాలేజీల పెద్ద ఆటల్లో ఒకటైన రోజ్ బౌల్‌లో 1978లో మిషిగన్‌ని ఓడించి, ఆ ఆటలో మేటి ఆటగాడిగా నిలిచాడు. అది దేశమంతా టీవీలో చూసిన ఆట. అయినా ఆ ఏడు డ్రాఫ్ట్‌లో 12 రౌండ్లు గడిచినా అతని పేరు ఎవరూ పిలవలేదు. నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు, వేరే స్థానానికి మారాలి అనేది అప్పటి అలిఖిత సూత్రం. అతను మారలేదు. కెనడా వెళ్లి, ఎడ్మంటన్ జట్టుతో అక్కడి లీగ్ ట్రోఫీ గ్రే కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచి, 1984లో హ్యూస్టన్‌కి తిరిగొచ్చి, 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. ఇక్కడ కొలతలో తప్పేమీ లేదు. కొలిచినవాడు తన కొలతనే నమ్మలేదు.

మనిషి కంటికి ఇన్ని పొరలుంటే యంత్రానికి అప్పగిస్తే పోదా అని అనుకున్నవాడు డాలస్ కౌబాయ్స్ అధిపతి టెక్స్ ష్రామ్. అంతకుముందు ఆయన సీబీఎస్ టీవీలో ఉండేవాడు. 1960 శీతాకాల ఒలింపిక్స్‌ని ప్రసారం చేస్తున్నప్పుడు ఐబీఎం యంత్రాలు ఫలితాలను చకచకా లెక్కకట్టడం చూశాడు. ఆ పని ఆటగాళ్ల ఎంపికకీ ఎందుకు పనికిరాదని ఐబీఎం అనుబంధ సంస్థ తలుపు తట్టాడు. అక్కడ ఆయనకి తగిలిన గణాంకవేత్త పేరు సలాం ఖురేషీ. మన దేశం మనిషి, అలీగఢ్‌లో చదివినవాడు. ఆయనకి తెలిసింది క్రికెట్టూ సాకరూ. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ పనికి అచ్చివచ్చిందని నా అభిప్రాయం.

ఎందుకంటే ఖురేషీకి మొదట అడ్డు తగిలింది లెక్క కాదు, మాటలు. ఆ రోజుల్లో స్కౌట్ రిపోర్టులు వాక్యాల్లో ఉండేవి. ఒక స్కౌట్ 'చురుకైనవాడు' అంటే కాళ్ల వేగం, మరొకడు అదే మాట అంటే బుర్ర వేగం. ఒకడి 'గట్టివాడు' దెబ్బకి ఓర్చుకునేవాడు, ఇంకొకడి 'గట్టివాడు' దెబ్బ కొట్టేవాడు. ఆటతో పరిచయం ఉన్నవాళ్లకి ఈ తేడాలు తట్టవు, అర్థమైపోయినట్టు తలూపేస్తారు. ఖురేషీ తలూపలేదు. కోచ్‌లనూ స్కౌట్లనూ కూర్చోబెట్టి వందల కొద్దీ లక్షణాలు రాబట్టాడు. ఒకదాన్నొకటి కప్పేసేవాటిని కలుపుతూ పోతే చివరికి ఐదు మిగిలాయి: నడవడిక, చురుకుదనమూ ఒంటి మీద అదుపూ, పోటీతత్వం, బుద్ధి కుశలత, బలంతో కూడిన విస్ఫోటం. వీటికి స్కౌట్లు మార్కులు వేసేలా ప్రశ్నపత్రం తయారైంది. వాక్యం పోయి అంకె వచ్చింది. ఖర్చు భరించలేనంత ఎక్కువ కాబట్టి లాస్ ఏంజెలిస్ రామ్స్, శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ కూడా వాటా పంచుకున్నాయి. ప్రత్యర్థులు ముగ్గురు ఒకే కంప్యూటర్‌ని నడిపించారన్నమాట.

అంకెలుగా మారాక తేలిన ముఖ్యమైన విషయం ఆటగాళ్ల గురించి కాదు, స్కౌట్ల గురించి. ఒకే కుర్రాణ్ణి నలుగురు చూస్తే నలుగురి మార్కులూ పక్కపక్కన పెట్టొచ్చు. ఎవరి చెయ్యి ధారాళం, ఎవరిది పిసినారితనం తెలుస్తుంది. ధారాళంగా వేసేవాడి ఏడుని ఆరుగా చదువుకోవచ్చు. కౌబాయ్స్ స్కౌటింగ్ పెద్ద గిల్ బ్రాంట్ ఆ కాలంలో చిన్న కాలేజీలను జల్లెడ పట్టాడు. ఫోర్ట్ వ్యాలీ స్టేట్ నుంచి రేఫీల్డ్ రైట్ ఏడో రౌండ్‌లో వచ్చాడు. వాషిటా బాప్టిస్ట్ నుంచి క్లిఫ్ హారిస్, టల్సా నుంచి డ్రూ పియర్సన్ డ్రాఫ్ట్‌లో పేరు లేకుండానే వచ్చారు. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్. ఆ ఘనతంతా కంప్యూటర్‌దేనని చెప్పలేం, బ్రాంట్‌కి ఊరూరా కోచ్‌లతో ఉన్న స్నేహాలు తక్కువేం కాదు. అయితే ఈ రోజు టెక్సస్‌లో కౌబాయ్స్ కార్యాలయం ఉన్న ఫ్రిస్కో ఊళ్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లలో ఖురేషీ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో!

ఇక ఆ 40 గజాల సంగతి. 40 గజాలంటే 36.6 మీటర్లు. ఈ దూరం ఎక్కడినుంచి వచ్చిందంటే కోచ్ పాల్ బ్రౌన్ పేరు చెబుతారు. పంట్ కొట్టిన, అంటే కాలితో ఎత్తుగా తన్నిన, బంతి సగటున అంత దూరం పోతుందని, దాని వెంట పరిగెత్తేవాణ్ణి అంతమేరకే కొలవడం మొదలుపెట్టాడట. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల మేళాలో ఇదే పెద్ద ఆకర్షణ. 300 మందికి పైగా కుర్రాళ్లను పిలుస్తారు. ఎత్తు, బరువు, చేతి పొడవు, చాచిన అరచేతిలో బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎన్ని అంగుళాలు అన్నీ కొలుస్తారు. నిలువు గెంతు, ముందుకు గెంతు, 225 పౌన్ల ఇనుమును ఎన్నిసార్లు ఎత్తుతాడు, మూడు కోన్ల చుట్టూ ఎంత తొందరగా తిరుగుతాడు. మెత్తలూ హెల్మెట్లూ లేకుండా నిక్కర్లతో జరిగే ఈ తంతుని స్కౌట్లే లోదుస్తుల ఒలింపిక్స్ అని వెక్కిరిస్తారు. వెక్కిరిస్తూనే ఒక్క అంకె వదలకుండా రాసుకుంటారు.

4.5 సెకన్లలో 40 గజాలు పరిగెత్తినవాడి సగటు వేగం సెకనుకి 8.1 మీటర్లు. చివర్లో అది తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. కాబట్టి సెకనులో పదో వంతు తేడా అంటే గీత దగ్గర దాదాపు ఒక మీటరు తేడా. మైదానంలో ఆ మీటరు బంతి అందుకోవడానికీ అందకపోవడానికీ మధ్య దూరం. అంకె ఉత్తిది కాదు. కొలత మాత్రం ఉత్తిదయ్యే అవకాశం ఎక్కువ. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేవాడు కుర్రాడి కదలిక చూసి స్పందించడానికే 0.2 సెకన్లు పడుతుంది. గీత దాటడం ముందుగానే కనబడుతుంది కనక అక్కడ ఆలస్యం ఉండదు. అందుకే చేతి టైములు ఎప్పుడూ ఉదారంగా వస్తాయి. కంబైన్‌లో ముగింపుని కాంతి కిరణం పట్టుకుంటుంది, మొదలుని మాత్రం మనిషి వేలే నొక్కుతుంది. రెండు పద్ధతుల అంకెల్ని ఒకే వరసలో రాసుకుంటే తడి నేల మళ్లీ తయారైనట్టే.

అంకెని సందర్భంతో కలిపి చదవడానికి ఒక చిన్న సూత్రం చూడండి. వ్యాసకర్త బిల్ బార్న్‌వెల్ 2008లో ప్రతిపాదించిన స్పీడ్ స్కోర్ అది: పౌన్లలో బరువుని 200తో గుణించి, 40 గజాల టైముని నాలుగుసార్లు వేసి గుణించగా వచ్చినదానితో భాగించాలి. 190 పౌన్లవాడు 4.40 సెకన్లలో పరిగెడితే స్కోరు 101. 220 పౌన్లవాడు 4.50లో పరిగెడితే 107. గడియారం మొదటివాణ్ణి మెచ్చుకుంటే, బంతి పట్టుకుని జనంలోకి దూరే రన్నింగ్ బ్యాక్ పనికి రెండోవాడు మేలని సూత్రం చెబుతుంది. ఢీకొట్టేటప్పుడు లెక్కలోకి వచ్చేది వేగం ఒక్కటే కాదు, వేగంతో పాటు ద్రవ్యరాశి కూడా. ఇంటర్ ఫిజిక్సే.

మరి ఈ పరీక్షలన్నీ తర్వాతి ఆటని చెప్పగలవా? 2008లో కుజ్‌మిట్స్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు కంబైన్ అంకెల్ని ఆటగాళ్ల తర్వాతి కెరీర్‌తో పోల్చారు. రన్నింగ్ బ్యాక్‌ల పరుగు పరీక్షల్ని మినహాయిస్తే నిలకడైన సంబంధం ఏదీ దొరకలేదు. ఈ ఫలితం చదివి వేగం అనవసరం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది పొరపాటు, దీని వెనక ఒక సూక్ష్మం ఉంది. ఐఐటీలో సీటొచ్చిన పిల్లల్లో మాత్రమే జేఈఈ ర్యాంకుకీ తర్వాతి గ్రేడులకీ సంబంధం వెతికితే అది పల్చగానే కనబడుతుంది, ఎందుకంటే బలహీనులెవరూ ఆ గదిలోకి రానేలేదు. కంబైన్‌కి పిలుపు అందేసరికే నెమ్మదైనవాళ్లు దాదాపు అందరూ వడపోతలో పోయారు. మిగిలినవాళ్ల మధ్య తేడాలు చిన్నవి, వాటిలోంచి జోస్యం రాదు.

దీనికి రెండో ముఖం ఇంకా ఆసక్తికరం. వడపోత దాటుకుని కూడా ఎవడైనా నెమ్మదైనవాడు ఆ గదిలో ఉన్నాడంటే, వాడిలో వేగం కాని మరేదో బలంగా ఉండబట్టే పిలిచారు. అలాగే చిన్న కాలేజీ నుంచి పిలుపందిందంటే అక్కడ మామూలుగా ఆడితే రాదు. గదిలో నిల్చున్నప్పుడు మాత్రం ఆ 'మరేదో' కనిపించదు, గడియారం మీది అంకే కనిపిస్తుంది. 2017 కంబైన్‌లో జాన్ రాస్ అనే రిసీవర్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటికి రికార్డు సృష్టించాడు. తొమ్మిదో పేరుగా సిన్సినాటి పిలిచింది. అదే ఏడు అదే గడియారం ముందు కూపర్ కప్ 4.62లో పరిగెత్తాడు. 69వ పేరుగా, మూడో రౌండ్‌లో రామ్స్ తీసుకున్నారు.

కప్ కథ దగ్గర కాసేపు ఆగాలి. వాషింగ్టన్ రాష్ట్రం యకిమా ఊరివాడు. తాత, తండ్రి ఇద్దరూ వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ గడప తొక్కినవాళ్లే. అయినా హైస్కూల్ ముగిసేసరికి ఒక్క పెద్ద యూనివర్సిటీ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. చేరింది చీనీ అనే చిన్న పట్నంలోని ఈస్టర్న్ వాషింగ్టన్‌లో. ఎర్ర రంగు కృత్రిమ గడ్డి పరిచిన మైదానం తప్ప బయటివాళ్లకి ఆ కాలేజీ గురించి తెలిసింది తక్కువ. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇది పై అంచెకి ఒక మెట్టు కింద. నాలుగేళ్లలో కప్ 428 బంతులు అందుకున్నాడు, 6,464 గజాలు సంపాదించాడు. అంకెలు కళ్లు చెదిరేవే, అయితే ఆ అంచెలో ఎదురాడేవాళ్ల స్థాయి ఏమిటని స్కౌట్ అడగాలి, అడిగారు.

జవాబు ఆ ఆట ఆర్థికంలోనే ఉంది. పెద్ద కాలేజీలు సీజన్ మొదట్లో చిన్న కాలేజీలకి డబ్బు ముట్టజెప్పి తమ మైదానానికి పిలిపించుకుంటాయి. పెద్దదానికి సునాయాసంగా ఒక గెలుపు, చిన్నదానికి ఆ ఏటి బడ్జెట్‌కి ఊపిరి. చాలాసార్లు చితక్కొట్టించుకునే ఆటలే, కానీ స్కౌట్‌కి అవి బంగారం. ఒక కుర్రాణ్ణి రెండు అంచెల్లోనూ కొలిచే ఒకే ఒక్క వీలు. కప్ నాలుగేళ్లలో అలాంటి ఆటలు నాలుగు ఆడాడు: ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్, ఒరెగన్, వాషింగ్టన్ స్టేట్ మీద. నాలుగూ కలిపి 40 బంతులు, 716 గజాలు, 11 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి సాధించే స్కోర్లు). ఎదురుగా ఉన్నది పెద్ద అంచె రక్షకులని అతని అంకెలకి తెలియనే లేదు. వాటిలో రెండు ఆటలు ఆ చిన్న కాలేజీ గెలిచింది కూడా. టేప్ చూస్తే సూటి పరుగు కాదు కనబడేది. ఎదురున్నవాడి తుంటి ఏ పక్కకి తిరిగిందో చూసి, అడుగు ఆపి, మరో పక్కకి విరిగే తీరు. 40 గజాల సూటి పరుగులో ఇది కొలవడానికి చోటే లేదు. 2021 సీజన్‌లో కప్ 1,947 గజాలతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, ఆ సీజన్ సూపర్ బౌల్‌లో మేటి ఆటగాడయ్యాడు. గాయాలు వెంటాడిన రాస్ కెరీర్ మొత్తం గజాలు వెయ్యి దాటలేదు.

స్కౌట్ చూస్తున్నది ఉన్న ఒంటినే కాదు, రాబోయే ఒంటిని కూడా. 1983లో షికాగో బేర్స్ ఎనిమిదో రౌండ్‌లో తీసుకున్న రిచర్డ్ డెంట్ బక్కపలచగా ఉండేవాడు. కారణం పళ్లు. పళ్ల బాధతో సరిగ్గా నమిలి తినలేకపోయేవాడు. జట్టు డెంటిస్టు దగ్గరికి పంపించి బాగుచేయించింది, తిండి పెరిగింది, బరువు పెరిగింది. మూడేళ్లు తిరక్కుండా సూపర్ బౌల్‌లో మేటి ఆటగాడు. అంతకుముందు వచ్చిన రిపోర్టుల్లో బరువు తక్కువ అన్న మాట నిజమే, ఎందుకు తక్కువ అన్న ప్రశ్నే లేదు. ఆస్ట్రేలియా రగ్బీ కుర్రాడు జోర్డన్ మైలాటా అయితే జీవితంలో ఒక్క ఫుట్‌బాల్ ఆట ఆడకుండానే 2018లో ఏడో రౌండ్‌లో ఈగల్స్‌కి వచ్చాడు. ఇప్పుడు ఆ జట్టు ఎడమవైపు కాపలా అతనిదే, 2025లో సూపర్ బౌల్ కూడా గెలిచాడు.

ఇలాంటి కథలు వరసగా చెప్పుకుంటూ పోతే చివరి రౌండ్లలో రత్నాలు రాసులుగా పడి ఉన్నాయనిపిస్తుంది. లేవు. ఈ రంగంలో అందరికీ నోటికొచ్చిన పేరు టామ్ బ్రేడీ: 2000 డ్రాఫ్ట్, ఆరో రౌండ్, 199వ పేరు, తర్వాత ఏడు సూపర్ బౌల్స్. కంబైన్‌లో అతని 40 గజాలు 5.28 సెకన్లు, గెంతు 24.5 అంగుళాలు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ దివ్యదృష్టితో పట్టుకున్నారని చెప్పుకుంటారు. ఆ డ్రాఫ్ట్‌లో బ్రేడీ కన్నా ముందు వాళ్లు ఆరుగురిని తీసుకున్నారు. అంత తెలిసినవాళ్లు ఆరు వంతులు ఎందుకు ఆగుతారు? బ్రేడీతో పాటు ఆరో రౌండ్‌లో వచ్చినవాళ్లలో చాలామంది పేర్లు అభిమానులకి కూడా గుర్తులేవు. మనం కథలు చెప్పుకునేది నిలిచినవాళ్ల గురించే.

ఈ అదృష్టం పాలెంతో లెక్కగట్టిన ఇద్దరు పరిశోధకులు కేడ్ మాసీ, తర్వాత నోబెల్ పొందిన రిచర్డ్ థేలర్. 2013లో అచ్చయిన వాళ్ల పత్రంలో ఒక సూటి ప్రశ్న: ఒకే స్థానానికి ఒకడి తర్వాత ఒకడిగా ఎంపికైన ఇద్దరిలో ముందు పిలిచినవాడు మెరుగ్గా తేలే అవకాశం ఎంత? 52, 53 శాతం దగ్గర. బొమ్మా బొరుసుకి ఒక వెంట్రుక పైన. మొత్తంమీద చూస్తే ముందు రౌండ్లవాళ్లు వెనక రౌండ్లవాళ్ల కన్నా మెరుగే, స్కౌట్ల శ్రమ వృథా కాదు. పక్కపక్కన నిలిచిన ఇద్దరిలో తేడా చెప్పగలమన్న ధీమాయే తప్పు. ఆ ధీమాకి జట్లు పెట్టే ఖర్చు మరీ ఎక్కువ. ఒక పేరు కోసం రాబోయే ఏళ్ల వంతులు కూడా తాకట్టు పెట్టేస్తాయి. మాసీ, థేలర్ల లెక్కలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ప్రతిఫలం వచ్చింది మొదటి వంతులో కాదు, రెండో రౌండ్ దరిదాపుల్లో. కాబట్టి ముందు వంతుని అమ్మి వెనక వంతులు ఎక్కువ కొనుక్కోవడం మేలన్నారు.

దీన్ని రుజువు చేయడానికే అన్నట్టు ఫార్టీనైనర్స్ జట్టు రెండు పనులూ చేసింది. 2021లో మూడో వంతు కోసం మూడు మొదటి రౌండ్ వంతులు ధారపోసి ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. అతనూ చిన్న అంచె కాలేజీ వాడే, ఆడిన ఆటలు తక్కువ, ఒంట్లో ఉన్న అవకాశం చూసి మురిశారు. 2022లో అదే జట్టు అందరికన్నా చివర, 262వ పేరుగా బ్రాక్ పర్డీని పిలిచింది. చివరి పేరుకి 1976 నుంచి ఎగతాళి బిరుదు ఒకటి ఇస్తున్నారు, లెక్కలో లేని దొరగారు అని. ఆ సెప్టెంబరులో లాన్స్ చీలమండ విరిగింది. డిసెంబరులో రెండో క్వార్టర్‌బ్యాక్ గారోపొలో పాదం ఎముక విరిగింది. మూడోవాడు కాబట్టి పర్డీ దిగాడు. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడాడు, 2025లో ఐదేళ్లకి 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాశారు. ఆ రెండు ఎముకలూ విరక్కపోతే పర్డీ ఏ స్థాయి ఆటగాడో మనకి తెలిసేదే కాదు. అలా తెలియకుండా పోయినవాళ్ల జాబితా ఎవరూ రాయలేరు.

ఇప్పుడు ఫిల్మ్ రీలు దాచేస్తే సరిపోదు. ప్రతి కాలేజీ ఆట వీడియో డిజిటల్‌గా అన్ని జట్లకీ అందుతుంది. 2014 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల భుజం మెత్తల్లో రేడియో చిప్పులు పెడుతున్నారు. కాలేజీ ఆటగాళ్ల ప్రదర్శన ఆట సీనియర్ బౌల్ వంటి చోట ఆ కుర్రాళ్లకీ తగిలిస్తున్నారు. నిక్కరు పరుగు కాదు, మెత్తలతో, తరిమేవాడు వెనక ఉండగా ఎంత వేగమో తెలుస్తోంది. అయితే చిన్న కాలేజీలకి అసలు దెబ్బ మరో వైపు నుంచి వచ్చింది. 2021 నుంచి కుర్రాళ్లు ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదు, తమ పేరు మీద డబ్బూ సంపాదించుకోవచ్చు. వృత్తి జట్ల కన్నా ముందు పెద్ద యూనివర్సిటీలే చిన్నవాటిని స్కౌట్ చేస్తున్నాయి.

కామ్ వార్డ్‌ని చూడండి. టెక్సస్‌లో అతని హైస్కూల్ జట్టు బంతి విసరడం కన్నా పట్టుకుని పరిగెత్తడమే ఎక్కువగా ఉండే పాతకాలపు పద్ధతిలో ఆడేది. క్వార్టర్‌బ్యాక్ అయ్యుండీ అతను విసిరినవి బహు తక్కువ, కాబట్టి అతని మీద అంకెలే లేవు. స్కాలర్‌షిప్ ఇస్తానన్నది శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీ ఒక్కటే. అక్కడ మెరిశాక వాషింగ్టన్ స్టేట్‌కి మారాడు, అక్కడినుంచి మయామికి. 2025 డ్రాఫ్ట్‌లో టెనసీ టైటన్స్ పిలిచిన మొట్టమొదటి పేరు అతనిదే. పాత పద్ధతిలో అయితే అతను చిన్న కాలేజీలోనే నాలుగేళ్లు గడిపి, ఏ మూడో రౌండ్‌లోనో వ్యాసకర్తలకి ముడిసరుకు అయ్యేవాడు.

ఏరియా స్కౌట్ల పని కూడా దీంతో తిరగబడింది. వసంతంలో చిన్న కాలేజీకి వెళ్లి ఒక కుర్రాడి మీద ఫైలు తెరిస్తే, ఆట మొదలయ్యేసరికి వాడు వేరే రాష్ట్రంలో వేరే జెర్సీలో ఉంటున్నాడు. పోనీ వెళ్లకుండా ఉండిపోయినవాళ్ల మాటేమిటి? అమ్మకి బాగాలేదని ఆగినవాడు, కోచ్ మీద గౌరవంతో ఆగినవాడు, చదువు మధ్యలో వదలలేక ఆగినవాడు, అందరూ ఇప్పుడు ఒకే ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి: నువ్వు అంత మంచివాడివైతే పెద్దవాళ్లు ఎందుకు పట్టుకెళ్లలేదు? ఆ ప్రశ్న స్కౌట్ల ఫారాల్లో ఎక్కడా అచ్చయి ఉండదు. మార్కు మాత్రం అది తగ్గిస్తుంది.